సంక్రాంతి సెలవులకు ముందే వైద్య అవసరాలు సర్దుకోవడం ఎలా

పండగ సెలవుల్లో ఆసుపత్రులన్నీ మూసి ఉంటాయని కొందరు భయపడతారు. పెద్దాసుపత్రి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా అని మరికొందరు ధీమాగా ఉంటారు. రెండిట్లోనూ సగమే నిజం ఉంది. భోగి నాడైనా, కనుమ నాడైనా జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ రాత్రింబవళ్లు నడుస్తుంది, 108 వాహనం వస్తుంది, కాన్పులు జరుగుతాయి. ఆగిపోయేది మామూలు వైద్యం. పొద్దుటి ఓపీ, రక్తపరీక్షల ల్యాబు, మన ఒంటి సంగతి పదేళ్లుగా ఎరిగిన డాక్టరుగారి క్లినిక్కు, వీధి చివరి మందుల షాపు మూతపడతాయి. షుగరు, బీపీ, థైరాయిడ్, ఆస్తమా, మూర్ఛ, గుండెజబ్బు వంటివి ఉన్నవారికి ఏడాది పొడవునా కావలసింది ఈ మామూలు వైద్యమే కాబట్టి, అది నాలుగు రోజులు అందకపోతే చిన్న లోటు ముదిరి, చివరికి ఆ క్యాజువాలిటీ గుమ్మమే ఎక్కవలసి వస్తుంది. ఆ నాలుగు రోజులకు సరిపడా మామూలు వైద్యాన్ని ముందే ఇంట్లో సమకూర్చుకోవడం ఎలాగో ఇక్కడ చూద్దాం. దసరాకైనా, ఉగాదికి వారాంతం కలిసి వచ్చినా ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. అయితే ఇంటిల్లిపాదీ ఊరు మారడం, రోడ్లు కిక్కిరిసిపోవడం, వైద్య సిబ్బంది కూడా సొంతూళ్లకు వెళ్లడం ఒకేసారి జరిగేది సంక్రాంతికే గనుక దానినే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

డాక్టరును ఎప్పుడు కలవాలి

భోగి ముందురోజు క్లినిక్కుకు వెళ్తే పని జరగదు. ఆ రోజు అక్కడ ఊరెళ్లే హడావిడిలో ఉన్న రోగులు యాభైమంది ఉంటారు, ఊరెళ్లే హడావిడి డాక్టరుగారికీ ఉంటుంది. డిసెంబరు చివరి వారంలో గానీ, జనవరి మొదటి వారంలో గానీ ఒకసారి కలవడం మేలు. ఇందుకు రద్దీ ఒక్కటే కారణం కాదు. బీపీ మాత్ర మార్చినా, షుగరు మందు మోతాదు పెంచినా, మూర్ఛ మందు కొత్తగా మొదలుపెట్టినా దాని మంచిచెడులు తేలడానికి కొద్ది రోజులు పడుతుంది. కళ్లు తిరగడం, షుగరు పడిపోవడం, ఒంటిపై దద్దుర్లు రావడం వంటివి ఏవైనా కనిపిస్తే ఆ డాక్టరుకే చూపించుకునే వ్యవధి ఉండాలి. జనవరి 12న కొత్త మందు మొదలుపెట్టి 13న బస్సెక్కితే, ఆ తేడా ఏదో నడిదారిలో తెలుస్తుంది.

గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడేందుకు ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడేవారు రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్షను సెలవులకు ముందు వారంలోనే చేయించుకోవాలి, ఎందుకంటే ఆ మందు పనితనం తిండి మీద కూడా ఆధారపడి ఉంటుంది. పట్నంలో వారానికొకసారి ఆకుకూర తినేవారు ఊళ్లో పూటపూటా తింటే అందులోని విటమిన్ కె వల్ల మందు ప్రభావం తగ్గుతుంది. అలాగని గోంగూర మానేయనక్కర్లేదు. మామూలుగా తినేంతే తినడం, పద్ధతిని ఉన్నట్టుండి మార్చకపోవడం ముఖ్యం.

ఆ సందర్శనలోనే కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. సెలవుల్లో డాక్టరుగారు ఊళ్లో ఉంటారా, లేకపోతే ఆయన బదులు చూసేది ఎవరు, ఫోనులో సంప్రదించవచ్చా, మందు ఒక పూట తప్పితే ఏం చేయాలి, వాంతులు పట్టుకుని తిండి లోపలికి పోకపోతే షుగరు మందులలో ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అనేవి ఆ ప్రశ్నలు. ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. పండగ తిండి తేడా చేసిన రోజు అన్నిటికన్నా ముందు కావలసింది దాని జవాబే.

తప్పనిసరి కాని ఆపరేషన్లు, పన్ను పీకించుకోవడం వంటివి పండగకు రెండు మూడు రోజుల ముందు పెట్టుకోకూడదు. కుట్లు విప్పే రోజు కనుమ నాడు పడితే అవి విప్పే చేతి కోసం వెతుక్కోవాలి. క్యాన్సరుకు కీమోథెరపీ నడుస్తున్నవారు తమ చికిత్స తేదీలను పండగతో సరిచూసుకుని, జ్వరం వస్తే రాత్రి ఎన్ని గంటలకైనా ఎక్కడికి వెళ్లాలో ముందే రాసిపెట్టుకోవాలి. కీమో తర్వాత 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరాన్ని మాత్ర వేసి పొద్దుటిదాకా చూసే జ్వరంగా తీసుకోరాదు.

మందుల లెక్క

మన ప్రయాణం అయిదు రోజులదైనా మందులు రెండు వారాలకు సరిపడా ఉండాలి. తిరుగు ప్రయాణానికి టికెట్ దొరకకపోవచ్చు, ఊళ్లో ఇంకో రెండు రోజులు ఉండమని పెద్దవాళ్లు పట్టుబట్టవచ్చు. తిరిగి వచ్చాక కూడా షాపులో సరుకు వెంటనే ఉండకపోవచ్చు, ఎందుకంటే వీధిలోని మందుల షాపు పట్టణంలోని హోల్‌సేల్ ఏజెన్సీ మీద ఆధారపడి ఉంటుంది. మామూలు రోజుల్లో లేని మందును "సాయంత్రానికి తెప్పిస్తాను" అని చెప్పే షాపాయన పండగ మూడు రోజులూ ఆ మాట చెప్పలేడు, షాపు తెరిచినా ఏజెన్సీ తెరవదు. ఆన్‌లైన్‌లో మందులు తెప్పించుకునేవారు కూడా ఆ వారంలో కొరియర్ ఆలస్యమవుతుందన్న లెక్కతోనే ఆర్డరు పెట్టాలి.

ఉన్నట్టుండి ఆపకూడని మందులేవో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూర్ఛ మందు రెండు పూటలు తప్పినా ఫిట్స్ రావచ్చు, దానికి రాత్రి ప్రయాణంలో నిద్ర లేకపోవడం తోడైతే ప్రమాదం పెరుగుతుంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు క్లోపిడోగ్రెల్ వంటి మందు ఆపితే స్టెంటులో గడ్డ కట్టవచ్చు. మెటోప్రొలాల్, అటెనలాల్ వంటివి హఠాత్తుగా మానేస్తే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి. దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు, మానసిక వ్యాధుల మందులు కూడా ఈ కోవలోవే. క్లోనజిపామ్ వంటి నిద్రమాత్రలను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన ఉంది. పైగా చిన్న ఊళ్ల షాపులు వాటిని నిల్వ ఉంచడమే అరుదు. మందు అయిపోయి మనసు కలవరపడితే, ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందులను ఊళ్లో కొనవలసి వస్తే అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. స్ట్రిప్పును షాపాయన కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఒక ముక్కలో ఉండిపోయి, మన చేతికి వెండిరంగు కాగితంలో నాలుగు గుళికలు వస్తాయి. అమ్మ ఏ మందు వాడుతుందని అడిగితే "తెల్లది, పొద్దున పూటది" అన్న జవాబు అందుకే వస్తుంది. పేరు ఉన్న భాగాన్ని చివరిదాకా ఉంచి మాత్రలను రెండో వైపు నుంచి వాడుకోవడం, కొన్న రోజే స్ట్రిప్పు వెనుక భాగాన్ని ఫొటో తీసుకోవడం మంచి అలవాట్లు. ఆ ఫొటోలో కంపెనీ పేరు కింద చిన్న అక్షరాలతో ఉండే జనరిక్ పేరు, మిల్లీగ్రాములు స్పష్టంగా కనబడాలి. కంపెనీ పేరు ఊరు మారితే మారవచ్చు, జనరిక్ పేరు ఎక్కడైనా ఒకటే. జన ఔషధి కేంద్రంలో కొనాలన్నా ఆ పేరే కావాలి. పేరు వెనుక ఉండే ఎస్ఆర్, ఎక్స్ఎల్ వంటి అక్షరాలను కూడా వదిలేయకూడదు. అవి మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలని చెబుతాయి. అవి లేని మాత్రను అదే లెక్కన వేసుకుంటే గుణం మారుతుంది. రెండు మందులు కలిసిన మాత్రకు బదులు ఒక్క మందే ఉన్నది ఇచ్చినా తేడా పడుతుంది.

ఇక ఒక తెల్లకాగితం మీద రోగి పేరు, వయసు, జబ్బులు, పడని మందులు, రోజూ వాడే మందులు వేళలతో సహా రాసి, దానిని రోగి దగ్గర ఒకటి, ప్రయాణంలో తోడున్నవారి దగ్గర ఒకటి ఉంచాలి. ఫోనులో ఉంటే చాలు కదా అనిపిస్తుంది. చార్జింగ్ అయిపోయిన ఫోను, తాళం తెలియని ఫోను క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకు ఎందుకూ పనికిరావు.

ఇన్సులిన్ వాడేవారికి ప్రత్యేకంగా

ఊళ్లలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇన్సులిన్ సిరంజితో జరిగేది, కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. సాధారణంగా వాడే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో 100 యూనిట్లు ఉంటాయి. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నాయి. దేనికి తగ్గ సిరంజి దానికి వేరుగా ఉంటుంది. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత ఉంటాయి. పెన్ను పాడైందనో, సూదులు మరచిపోయామనో కార్ట్రిడ్జి నుంచి ఎర్రమూత సిరంజితో మందు లాగి, అలవాటైన గీత దాకా ఎక్కిస్తే, ఇరవై యూనిట్లు అనుకున్నది యాభై యూనిట్లవుతుంది. మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. అందుకని సూదులు, సిరంజిలు ఇంటి దగ్గరే లెక్కపెట్టి తీసుకెళ్లాలి, ఊళ్లో కొనవలసి వస్తే సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చదివించుకుని కొనాలి.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నది 30 డిగ్రీలు మించని గదిలో, చాలా రకాలకు నాలుగు వారాల దాకా బయటే ఉండవచ్చు. జనవరి చలిలో దానికోసం కంగారు పడనక్కర్లేదు. చేయకూడని పనులు రెండున్నాయి. ఎండలో ఆపిన కారులో వదిలేయకూడదు. ఐసు ముక్కలకు ఆనించి గానీ, డీప్ ఫ్రీజర్ పక్కన గానీ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు, దాన్ని పారేయాలి. బంధువుల ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, పేరు రాసిన డబ్బాలో పెట్టడం మేలు, లేకపోతే పెరుగు గిన్నె పెట్టడానికి ఎవరో దాన్ని వెనక్కు నెడతారు.

అరిసెలు తినవద్దని చెప్పడం ఎవరికైనా సులువు, వినడం ఎవరివల్లా కాదు. బెల్లంతో చేసినదైతే షుగరు పెరగదన్న మాట మాత్రం నిజం కాదు. ఒక అరిసె తినాలనుకుంటే ఆ పూట అన్నం తగ్గించి తినడం, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు వెంట ఉంచుకుని రోజుకు ఒకటి రెండుసార్లు చూసుకోవడం ఆచరణలో నిలిచే పద్ధతి. స్ట్రిప్పుల డబ్బా గడువు, మీటరు బ్యాటరీ బయలుదేరే ముందే చూసుకోవాలి.

డయాలసిస్, రక్తం, ఆక్సిజన్

వారానికి మూడు డయాలసిస్‌లు చేయించుకునేవారికి మామూలుగా వచ్చే రెండు రోజుల విరామమే బరువైనది, పండగ పేరుతో అది మూడో రోజుకు సాగకూడదు. మీ సెంటరు సంక్రాంతి రోజున నడుస్తుందా, నడవకపోతే మీ వంతు ముందుకు జరుపుతారా వెనక్కు జరుపుతారా అన్నది రెండు వారాల ముందే అడగాలి. ఊరికి దగ్గరి పట్టణంలో చేయించుకోవాలనుకుంటే అక్కడ మెషీన్ ఖాళీ ఉండాలి. పైగా హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షల తాజా రిపోర్టులు లేకుండా కొత్త రోగిని ఏ సెంటరూ మెషీన్ మీదకు తీసుకోదు. ఆ రిపోర్టులతో పాటు మీ సెంటరు నుంచి చికిత్స వివరాల కాగితం కూడా తీసుకెళ్లాలి. విరామం ఎక్కువైన రోజుల్లో నీళ్ల కొలత తప్పకూడదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, వడియాలు, ఊరగాయల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆప్యాయంగా కొబ్బరిబోండం కొట్టి ఇచ్చే మేనమామకు అందులోని పొటాషియం సంగతి తెలియదు, ముందే చెప్పాలి.

ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసేమియా జబ్బున్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. సెలవులకు కాలేజీలు, ఆఫీసులు మూసేస్తే రక్తదాన శిబిరాలూ ఆగుతాయి. ఎర్రకణాలు నెలకు పైగా నిల్వ ఉన్నా ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి ఉండవు. ఎక్కించుకునే తేదీ పండగలో పడుతుంటే ముందు వారంలోనే బ్లడ్ బ్యాంకుతో మాట్లాడి, దాతను కుదుర్చుకోవాలి.

ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం (కాన్సంట్రేటరు) మీద ఉన్నవారికి కరెంటు పోతే ఆధారపడే సిలిండరు నిండుగా ఉండాలి. దాన్ని నింపే చోటు పండగకు తెరుస్తారో లేదో కనుక్కోవాలి.

ప్రయాణంలో

మందుల సంచి ఎప్పుడూ చేతిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో వేసే పెట్టెలో ఉండకూడదు. హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద భోగికి ముందు రెండు రోజులు పంతంగి టోల్ ప్లాజా దగ్గర వాహనాలు ఎలా బారులు తీరుతాయో తెలియనివారు లేరు. ఆ బారులో చిక్కుకున్న షుగరు రోగికి ముప్పు తిండి ఆలస్యం కావడం. "దారిలో హోటల్లో తిందాం" అనుకుని ఇంట్లో ఇన్సులిన్ వేసుకుని బయలుదేరితే, హోటల్ చేరేలోపు షుగరు పడిపోతుంది. పళ్లెం ఎదుటికి వచ్చాకే ఇన్సులిన్ వేసుకోవాలి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు.

పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవారు, దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ఉదయం నుంచి నీళ్లు మానేస్తారు, మూత్రం వచ్చే బీపీ మాత్రను కూడా దాటవేస్తారు. చలికాలమే అయినా పది గంటల ప్రయాణంలో దానివల్ల నీరసం, మూత్రంలో మంట, గుండె జబ్బున్నవారిలో ఆయాసం వస్తాయి. మంచి మరుగుదొడ్డి ఉన్నచోట రెండు గంటలకొకసారి ఆపుతామని ఇంటి దగ్గరే మాట ఇస్తే ఈ ఇబ్బంది సగం తీరుతుంది. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినా, ఆరోగ్యం చెడినా 1033కు, రైల్లో ఉంటే 139కు ఫోను చేయవచ్చు.

ఊరు చేరిన రోజే తెలుసుకోవలసినవి

ఊరు చేరిన సాయంత్రమే ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో పలకరించి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పండగ రోజుల్లో ఎవరుంటారో, రాత్రి పూట ఏ ఆసుపత్రికి వెళ్లాలో అడగాలి. ఊళ్లో ఉండేవారికి ఇది తెలిసిన సంగతే, పట్నం నుంచి వచ్చినవారికే తెలియదు. ముఖ్యంగా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏది, గుండె డాక్టరు ఉండేది ఎక్కడ, పాముకాటు మందు ఎక్కడ ఉంది అనే మూడింటికీ జవాబు తెలిసి ఉండాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు పడాలి, అది స్కాన్ చూశాకే ఇస్తారు. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా స్కాన్ లేని ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చోబెడితే ఆ అవకాశం జారిపోతుంది. మనిషి ఆఖరుసారి బాగున్న వేళ ఎప్పుడో గుర్తుపెట్టుకుని చెప్పాలి.

2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఇప్పుడు పల్లెల్లో అందరికీ నోటికొచ్చిన నంబరే. ఫోను చేసినప్పుడు ఊరు పేరొక్కటే చెబితే చాలదు, ఒకే పేరుతో పది ఊళ్లుంటాయి. మండలం, దగ్గరి గుడి లేదా బడి, వాహనం రాగలిగిన దారి చెప్పి, ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టాలి. కోడిపందేల బరులున్న ఊళ్లలో కార్లు దారికడ్డంగా ఆపేసి ఉంటాయి కాబట్టి ఆ దారి తప్పించి రమ్మనడం కూడా అవసరమే. నెలలు నిండిన గర్భిణి ఊళ్లో ఉంటే ఆపరేషన్ థియేటరు, రక్తం, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తేల్చుకుని, తల్లీబిడ్డల కార్డు తలగడ పక్కనే ఉంచాలి. నొప్పులు మొదలైతే 108కే చేయాలి. 102 వాహనాలు ప్రధానంగా పరీక్షలకు, కాన్పు తర్వాత ఇంటికి చేర్చడానికి ఉద్దేశించినవి.

ఆరోగ్యశ్రీ కార్డు గానీ, ఎన్టీఆర్ వైద్య సేవ గానీ, ప్రైవేటు బీమా గానీ ఉంటే కార్డు, ఆధార్ కాపీలు వెంట ఉండాలి. ఒక రాష్ట్రపు కార్డు పక్క రాష్ట్రంలోని ప్రతి ఆసుపత్రిలోనూ చెల్లుతుందనుకోకూడదు. హైదరాబాదులో స్థిరపడి గోదావరి జిల్లాలకు వెళ్లే తెలంగాణ కార్డుదారులు దీన్ని ముందే కనుక్కోవాలి.

ఇక ఆర్ఎంపీ సంగతి. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి ఆయనే, ఊరివాళ్లకు ఆయన మీద ఉన్న నమ్మకాన్ని తీసిపారేయలేం. ఒళ్లు నొప్పులంటే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, నీరసమంటే సెలైన్ అన్న పద్ధతి మాత్రం కిడ్నీ, గుండె జబ్బులున్నవారి పాలిట ముప్పు. ఆ నొప్పి ఇంజెక్షన్ దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది, వేగంగా ఎక్కించిన సెలైన్ బలహీనమైన గుండె ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. మందుల కాగితం మీద పైనే "కిడ్నీ జబ్బు ఉంది, నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు ఇవ్వవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మొహమాటపడి వాదించే పని ఉండదు.

పండగతో పాటు వచ్చే ప్రమాదాలు

భోగి మంట దగ్గర వేలాడే లంగాలకు నిప్పు అంటుకోవచ్చు, నైలాన్ బట్టలు కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పిల్లలకు ఆ వేకువన నూలు బట్టలే వేయాలి. కాలితే ఉంగరాలు, గాజులు తీసేసి, కాలినచోట ఇరవై నిమిషాల పాటు మామూలు చల్లని నీరు ధారగా పోయాలి. పేస్టు, సిరా, పసుపు పూయకూడదు, ఐసు పెట్టకూడదు. ఆస్తమా ఉన్నవారు టైర్లు, ప్లాస్టిక్ వేసిన మంటకు దూరంగా ఉండి, ఇన్‌హేలరులో ఇంకా ఎన్ని మోతాదులున్నాయో ఊరెళ్లే ముందే చూసుకోవాలి.

సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా గాలిపటాల దారాల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ రోజుల్లో బండి మీద వెళ్లేవారు మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోవడం, పిల్లలను ముందు కూర్చోబెట్టకపోవడం అవసరం. మాంజా తెగ్గోసినా, కోడికత్తి తగిలినా శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి పట్టి, తడిసినా తీయకుండా దాని మీదే ఇంకో గుడ్డ వేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెటనస్ టీకా సంగతి అక్కడ చూస్తారు. కుక్క కరిస్తే పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, పారే నీటితో కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. పండగ వెళ్లాక చూద్దామనకూడదు. ఇప్పటికే టీకా వేయించుకుంటున్నవారు తర్వాతి డోసు సెలవు నాడు పడితే ఎక్కడ వేస్తారో ముందే అడగాలి.

వీటన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఛాతీ నొప్పి. గారెలు, బూరెలు, కోడికూర తిన్న మధ్యాహ్నం యాభై ఏళ్ల మనిషి గుండెల్లో బరువుగా ఉందంటే ఇంట్లో పదిమందీ "గ్యాసే" అంటారు, ఈనో కలిపి ఇస్తారు, పడుకోబెడతారు. చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, ఆయాసం వచ్చినా అది గ్యాసని తేల్చవలసింది ఈసీజీ తప్ప ఇంట్లోవాళ్లు కాదు. షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండానే నీరసం, చెమటలతో గుండెపోటు రావచ్చు. సొంత కారులో వెతుక్కుంటూ తిరగడం కన్నా 108 పిలవడం మేలు.

పిల్లలకు కావలసినవి తక్కువే. పారాసిటమాల్ సిరప్ ఒకటి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వాడుతుంటే నెబులైజరు చాలు. పారాసిటమాల్‌లో చుక్కల మందు, 125, 250 మిల్లీగ్రాముల సిరప్‌లు వేర్వేరు గాఢతలు. బంధువుల ఇంట్లో ఉన్న సీసాతో మన కొలత పోయకూడదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను మొత్తంగా ఒక లీటరు నీటిలో కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం వేసుకోకూడదు. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

పట్నంలోనే ఉండిపోయే పెద్దవాళ్లు

అందరూ ఊరెళ్తే హైదరాబాదు వీధులు ఖాళీ అవుతాయి, వాటితో పాటు మంచాన ఉన్న పెద్దవాళ్లను చూసుకునే ఆయాలు, నర్సులు కూడా వెళ్లిపోతారు. ఆయాకు పండగ సెలవు ఇవ్వవలసిందే, అది ఆమె హక్కు. ఆ మూడు రోజులకు బదులు మనిషిని జనవరి మొదట్లోనే కుదుర్చుకుని, ఆయా ఉండగానే రెండు పూటలు పక్కన నిలబెట్టి మంచం మీద తిప్పడం, ముక్కుగొట్టంలో ఆహారం పోయడం, యూరిన్ బ్యాగు మార్చడం చూపించాలి. డైపర్లు, గొట్టాలు, గాజుగుడ్డ పది రోజులకు కొనిపెట్టాలి. మార్చవలసిన గొట్టం ఏదైనా ఉంటే ముందు వారమే మార్పించాలి. ఒంటరిగా ఉండేవారి ఇంటి తాళంచెవి ఒకటి పండగకు ఊరెళ్లని పక్కింటివారి దగ్గర ఉంచి, రోజూ ఒకే వేళకు ఫోను చేసే ఏర్పాటు చేసుకోవాలి. ఫోను ఎత్తకపోతే తలుపు తట్టవలసింది ఎవరో వారికి తెలిసి ఉండాలి.

సెలవులు ముగిసిన మొదటి పనిదినాన ఓపీలలో, ల్యాబుల్లో రద్దీ రెట్టింపు ఉంటుంది. అత్యవసరం కాని చెకప్‌ను రెండు మూడు రోజుల తర్వాతకు ఊరెళ్లే ముందే బుక్ చేసుకుని, ఆ లోపు వాడుకోవడానికి సరిపడా మందులు ఇంటి అలమరలో విడిగా ఉంచి బయలుదేరవచ్చు.